క్రీము మీద నీలం

ఆ వర్క్‌షాపు వెనకాల ఉన్న రంగుల షెడ్డుకి చెడ్డ పేరుంది.

పగటిపూట చూస్తే అందులో భయపడాల్సిందేమీ లేదు. నాలుగు గోడలు, పైన రేకులు, దుమ్ము రాకుండా కిటికీకి కట్టిన గోనెపట్టా, ఏళ్ళ తరబడి పడి పడి నేల మీద పెచ్చుకట్టిన రంగు. కానీ పొద్దుగూకి తలుపుకి తాళం పడిందంటే మాత్రం — ఆ వైపు మొహం తిప్పేవాడు లేడు.

తాళం వేసిన షెడ్డులో గన్ను మోగుతుంది.

గన్నంటే తుపాకీ కాదు. కార్లకి రంగు కొట్టే స్ప్రే గన్ను. బుస్స్... కాసేపు ఆగి, మళ్ళీ బుస్స్... పక్కనే పాము పడగెత్తి కూర్చున్నట్టు. మోటారు చప్పుడు మాత్రం ఉండదు. మోటారు తిరక్కుండా గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? గాలి లేకుండా గన్ను ఎలా బుసకొడుతుంది? 

పక్క గోడౌను వాచ్‌మన్ ఒకసారి గోడెక్కి చూశాడట. పట్టా సందులోంచి కనిపించింది — నెత్తి నుంచి కాళ్ళ దాకా తెల్లటి ఆకారం. మొహం ఉండాల్సిన చోట మొహం లేదు. రెండు గుంటలు... అంతే. తెల్లారేసరికి వాచ్‌మన్ లేడు. చెప్పులు కూడా వదిలేసి పోయాడు. చాలాకాలం అవి గోడౌను గేటు దగ్గరే పడున్నాయి. తీసుకుని వేసుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఈ కథలన్నీ ఎక్కువగా చెప్పేది సుత్తి. డెంట్లు తీసే పనివాడు. చేతిలో ఎప్పుడూ సుత్తి ఉంటుంది గనక ఆ పేరొచ్చిందని వాడంటాడు. నోరు తెరిస్తే మూయడు గనక వచ్చిందని మిగతావాళ్ళంటారు.

షెడ్డు మేస్త్రిది. రంగు మేస్త్రి. ఆయన అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో. ఇల్లు షెడ్డు వెనకే, పెరడు దాటితే. రంగు కలపటంలో ఆయన్ని మించినవాడు చుట్టుపక్కల లేడని అందరూ అనేవాళ్ళు. ఎవరైనా అనటం మర్చిపోతే ఆయనే గుర్తుచేసేవాడు. షాపులో కంప్యూటరు పెట్టి కలిపిచ్చే డబ్బాని చేత్తో తాకేవాడు కాదు.

"మిషన్‌కి కళ్ళున్నాయా? నాకున్నాయి," అనేవాడు.

దెయ్యం మాటెత్తితే ఇంతెత్తున లేచేవాడు. "నా షెడ్డులో నన్నడక్కుండా దెయ్యమైనా గన్ను ముట్టదు!" కానీ చీకటి పడ్డాక ఆయనా ఆ వైపు పోయేవాడు కాదు. మా ఆవిడ వెళ్ళనివ్వదు, అందుకని పోను — అని చెప్పుకునేవాడు. రోజూ సాయంత్రం తాళం తన చేత్తో వేసి, తాళంచెవి మంచం తలాపున ఉన్న మేకుకి తగిలించి పడుకునేవాడు. పొద్దున వచ్చి చూస్తే గన్నుకి గాలినిచ్చే కంప్రెసర్ ట్యాంకులో గాలి ఉండేది కాదు. రాత్రి నిండుగా ఉన్నది, పొద్దునకి ముల్లు అడుగున. వాషర్లు మార్చాడు, పైపులు మార్చాడు, అమ్మినవాణ్ణి నానా మాటలూ అన్నాడు. లీకు మాత్రం దొరకలేదు.

ఆయనకి ఒకరి మీద కోపమొస్తే అది ఇక పోయేది కాదు. ఎమరీ కాయితాల షాపువాడు ఒకసారి నాసిరకం ఇచ్చాడని ఆ వీధిలోంచి నడవటమే మానేశాడు, ఎంత దూరమైనా చుట్టు తిరిగి వెళ్ళేవాడు. పెళ్ళిలో వెనక వరసలో కూర్చోబెట్టాడని మేనమామ కొడుకుతో మాటల్లేవు. అన్నిటినీ మించిన పగ సొంత తమ్ముడి మీద.

ఆ తమ్ముడికి చెయ్యి పట్టి గన్ను నేర్పింది ఆయనే. వాడు ఒకరోజు కారు తీసుకెళ్ళటానికి వచ్చిన మనిషి ఎదురుగా, "అన్నయ్యా, షేడు కుదరలేదు. నీ కంటికి ఆనటం లేదు," అన్నాడు. అంతే. మేస్త్రి వాడి చేతిలో గన్ను లాక్కుని, మెడ పట్టుకుని గేటు బయటికి గెంటాడు. ఇంట్లో వాడి పేరెత్తకూడదన్నాడు. ఎవరూ ఎత్తలేదు. భార్య అయితే గోడ మీద వాడున్న ఫోటో కూడా తీసేసింది. ఎవరేమన్నా ఆ ఒక్క విషయంలో తన మనిషి తన పక్కన నిలబడిందని ఆయనకి లోపల గొప్పగా ఉండేది.

అలా ఉండగా ప్లీడరమ్మ గారి కారు వచ్చింది.

పాతకాలం బండి. గుండ్రటి వీపు, నోరు తెరిచిన చేపలాంటి ముందు జాలీ. కంపెనీవాడు దాన్ని రెండు రంగుల్లో చేశాడు — పైసగం వెన్నలాంటి క్రీము, కిందిసగం వాన పట్టే ముందు ఆకాశంలా మాసిన నీలం. ప్లీడరు గారు పోయాక కొడుకు ఉత్సాహపడి మొత్తం ఎర్రరంగు కొట్టించాడట. అది చూసినప్పటి నుంచి ఆవిడ ఆ కారెక్కలేదు.

"పరాయి వాళ్ళ కారెక్కినట్టుంది మేస్త్రీ," అంది ఆవిడ. "ఆయన కొనుక్కొచ్చిన రోజు ఎలా ఉందో నాకలాగే కావాలి. పిసరంత తేడా ఉన్నా నేను కనిపెడతాను. ముందే చెప్తున్నాను."

"తేడా ఉంటే," అన్నాడు మేస్త్రి, వర్క్‌షాపులో అందరూ వింటుండగా, "ఈ చేత్తో మళ్ళీ గన్ను పట్టనమ్మా."

సుత్తి చేతిలో సుత్తి ఆగిపోయింది. గుమ్మంలో నిలబడ్డ మేస్త్రి భార్య కళ్ళు దించుకుంది. మేస్త్రి అది చూసి, మనవాళ్ళు గర్వపడుతున్నారు అనుకున్నాడు.

డాష్‌బోర్డు అడుగున ఎండ తగలని మూల కంపెనీ రంగులు రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ రేకుముక్క విప్పి పక్కన పెట్టుకుని, చుక్క చుక్క వేస్తూ, పుల్లతో కలుపుతూ, గోటి మీద రాసి చూసుకుంటూ ఆయన క్రీము తయారు చేశాడు.

ఇప్పటివాళ్ళయితే పైన ఒక రంగు, కింద ఒక రంగు కొట్టేసి, మధ్యలో స్టిక్కరు గీత అతికించి చేతులు దులుపుకుంటారు. కంపెనీ పద్ధతి అది కాదు. ముందు బండి మొత్తానికీ క్రీమే. తలుపు సందులు, డిక్కీ అంచులు, ఏదీ వదలకుండా. అది ఆరాక నడుము చుట్టూ టేపు అంటించి, టేపు పైభాగమంతా కాయితాలు కప్పి, కింద నీలం కొడతారు. అందుకే కంపెనీ బండి తలుపు తెరిస్తే లోపల క్రీము కనిపిస్తుంది. రెండు రంగులు కలిసే చోట గోటితో గీస్తే చిన్న మెట్టు తగులుతుంది. ఆ మెట్టు తగలకపోతే అది కంపెనీ పని కాదు, కాపీ పని.

ఇక ఆ టేపు తియ్యటం ఉందే — పనంతా ఒక ఎత్తు, అదొక ఎత్తు. రంగు పచ్చిగా ఉండగా తీస్తే కారిపోతుంది. పూర్తిగా ఆరాక తీస్తే పెళుసెక్కి పెచ్చులుగా లేచొస్తుంది. మధ్యలో ఒక అదను ఉంటుంది. ఆ అదనులో తియ్యాలి. అందుకే మేస్త్రి ఇన్నేళ్ళలో టేపు మీద ఇంకొకళ్ళ చెయ్యి పడనివ్వలేదు.

సాయంత్రం గాలీ దుమ్మూ సద్దుమణిగాక క్రీము కొట్టి, తాళం వేసి వెళ్ళాడు.

పొద్దున వచ్చి కారు మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

కంటికి ఏమీ లేదు. రంగు నిన్నటిదే. కానీ వేళ్ళు వేరే సంగతి చెబుతున్నాయి. తలుపు అంచు దగ్గర రంగు మందంగా ఉంది. ఆయన ఎప్పుడూ అంచుకి ముందే గన్ను వదిలేస్తాడు. ఇక్కడెవరో అంచు దాటాక వదిలారు.

"ఇది... నా చెయ్యి కాదు," అన్నాడు మెల్లగా.

సుత్తి పని ఆపి దగ్గరికొచ్చాడు. "రాత్రి మోగింది మేస్త్రీ. నేను విన్నాను."

"ఏం మోగింది?"

"ఏం మోగుతుంది? అదే. అయినా మనకి చెడు చెయ్యలేదుగా? ఒక కోటు ఎక్కువేసి పోయింది. పాపం, కూలి కూడా అడగలేదు."

"దెయ్యానికి రంగు పని ఎవడు నేర్పాడ్రా?"

"మీ దగ్గరే నేర్చుకునుంటుంది. మీ తిట్లు తిని ప్రాణం విసిగినవాళ్ళు ఒకళ్ళా ఇద్దరా?"

మేస్త్రి పుల్ల విసిరాడు. సుత్తి తప్పుకున్నాడు. కానీ ఆ రోజంతా మేస్త్రి వేళ్ళు మాటిమాటికీ ఆ అంచు దగ్గరికే పోయాయి. ఇంటికెళ్ళి భార్యతో చెప్తే ఆవిడ మొహం పాలిపోయింది.

"ఎన్నిసార్లు చెప్పాను మీకు? చీకటి పడ్డాక ఆ వైపు చూడొద్దు. దాని పని అది చేసుకుపోతుంది, మన పని మనం చేసుకుందాం."

"ఏమిటే దాని పని? నా కారు మీద దానికేం పని?"

ఆవిడ అన్నం వడ్డించటానికి లేచింది.

క్రీము గట్టిపడ్డాక ఒక సాయంత్రం టేపు వేశాడు. నీలం కలిపాడు. రేకుముక్క పక్కన పెట్టి చూశాడు, కన్నుకి కన్నులా కుదిరింది. గన్ను పట్టి బండి చుట్టూ తిరిగి, కిందిసగం కొట్టి ముగించేసరికి రేకుల మీద టపటపమని వాన మొదలైంది.

తడి గాలిలో రంగు తొందరగా ఆరదు. "టేపు పొద్దున్నే తీస్తాను," అన్నాడు ఇంటికొచ్చి. "ప్లీడరమ్మ గారు వచ్చేసరికి సరిగ్గా ఉంటుంది."

"అదే మంచిది," అంది భార్య, వెంటనే. "పొద్దున్నే తీద్దురుగాని. హాయిగా పడుకోండి."

పడుకున్నాడు. నిద్ర కూడా పట్టింది.

మధ్యలో మెలకువ వచ్చింది. ఎందుకొచ్చిందో ముందు తెలియలేదు. తర్వాత తెలిసింది — చప్పుడు లేక. వాన ఆగిపోయింది. కిటికీ రెక్క కిర్రుమంటోంది. లోపలికి వస్తున్న గాలి పొడిగా, వెచ్చగా ఉంది.

గాలి మారింది!

ఈ గాలికి రంగు పొద్దుటిదాకా ఆగదు. ఇప్పుడే వెళ్ళి టేపు తియ్యాలి. గబుక్కున లేచి, తలాపున ఉన్న మేకు కోసం తడిమాడు.

తాళంచెవి లేదు.

"ఏమే... ఇదిగో... తాళంచెవి తీశావా?"

 పక్క మంచం మీద చెయ్యి వేశాడు. దుప్పటి చల్లగా ఉంది. మనిషి లేదు.

 వంటింట్లో చూశాడు. పెరటి గుమ్మం తీసి ఉంది. తడి మట్టిలో చెప్పుల అచ్చులు — ఇంటి వైపు నుంచి షెడ్డు వైపు. తిరిగొచ్చిన అచ్చులు లేవు.

తను భయపడితే ధైర్యం చెప్పే మనిషి. ఆ షెడ్డు పేరు చెబితేనే చెవులు మూసుకునే మనిషి. దాన్ని ఏదో... ఏదో పిలిచి తీసుకుపోయింది...

చెప్పులు వేసుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా బయటపడ్డాడు. పెరడు దాటాడు. పాత టైర్ల గుట్ట దాటాడు. ఎప్పుడూ నాలుగు అంగల్లో దాటే దారి ఎంతకీ తరగటం లేదు.

అప్పుడు వినిపించింది.

బుస్స్...

ఆగాడు.

బుస్స్... బుస్స్...

మోటారు చప్పుడు లేదు. గన్ను ఒక్కటే. తలుపుకి తాళం లేదు, లోపల గడియ. కిటికీ పట్టా అంచుల్లోంచి సన్నగా తెల్లటి వెలుగు.  దేవుణ్ణి తలుచుకోబోతే ఒక్క పేరూ గుర్తుకి రాలేదు. భార్యే గుర్తొచ్చింది. పట్టా అంచు పట్టుకుని... కొద్దిగా... కొద్దికొద్దిగా... జరిపాడు.

లోపల పట్టపగలు లాంటి వెలుగు. ఆ వెలుగులో రంగు పొగలా తేలుతోంది. ఆ పొగలో — అది. నెత్తి నుంచి కాళ్ళ దాకా తెలుపు. మొహం లేదు. రెండు గుంటలు.

దాని పక్కన ఆయన భార్య.

కరెంటు దీపం ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. బిగుసుకుపోయి కాదు, మూర్ఛలో ఉన్నట్టు కాదు. తన వంటింట్లో తను నిలబడ్డట్టు, తీరిగ్గా.

ఆకారం గన్ను కింద పెట్టింది. వీపు విరుచుకుంది. ఖళ్ళుఖళ్ళున దగ్గింది.

దెయ్యాలు దగ్గుతాయా?

నెత్తి మీంచి కప్పుకున్న పాత తెల్లదుప్పటి వెనక్కి తోసి, ముక్కూ నోరూ చుట్టిన గుడ్డ విప్పింది.

"కాసిని మంచినీళ్ళియ్యి వదినా."

గొంతు విన్నాకే మొహం గుర్తుపట్టాడు. జుట్టు నెరిసింది. బుగ్గలు పీక్కుపోయాయి. కానీ ఆ గొంతు... చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పినవాడి గొంతు.

తమ్ముడు.

మేస్త్రి కేకెయ్యలేదు.  పట్టా పట్టుకుని అలాగే ఉండిపోయాడు. లోపల మాటలు గుసగుసగా వస్తున్నాయి.

"ఇదేం నీలం వదినా! బట్టలకి పెట్టే నీలిమందులో బండిని ముంచి తీసినట్టుంది. మొన్నటి క్రీము చూస్తే గోడకి సున్నం కొట్టినట్టుంది."

"మెల్లగా నాయనా. ఆయన కంటికి ఆ సున్నమే వెన్నలా కనిపిస్తుంది. నన్నేం చెయ్యమంటావు?"

"కళ్ళ ఆస్పత్రికి తీసుకెళ్ళమంటాను."

"తీసుకెళ్తానంటే ఇల్లు పీకి పందిరేశారు. నువ్వు ఒక్క మాటన్నందుకే నిన్ను గేటు బయట పెట్టారు. నేనూ అంటే నన్నెక్కడ పెడతారు?"

తమ్ముడు నవ్వాడు. దగ్గుతూనే నవ్వాడు. "అందుకని నన్ను దెయ్యాన్ని చేశావు. సుత్తిగాడైతే నాకు గుంటకళ్ళు కూడా పెట్టాడట."

"నేను చెప్పమన్నది ఆయన్ని ఇటు రానివ్వకుండా ఉండేంత. వాడు వాచ్‌మన్‌ని ఊరు దాటించేంత చెప్పాడు."

"ఏదో రోజు అన్నయ్య కనిపెట్టేస్తాడు వదినా."

"కనిపెట్టరు."

"అంత గట్టిగా ఎలా చెప్తావు?"

ఆవిడ దీపం చెయ్యి మార్చుకుంది. తర్వాత అంది, "కనిపెట్టగలిగితే... నువ్వు రావాల్సిన పనేముంది?"

బయట మేస్త్రి గోడకి చేరగిలబడ్డాడు.

ఆకుపచ్చ జీపు... పెళ్ళికొడుకు ఊరేగిన తెల్లకారు... దూరం నుంచి వెతుక్కుంటూ వచ్చి, "మేస్త్రీ, కొత్తదానిలా చేశావయ్యా" అని చెయ్యి పట్టుకున్నవాళ్ళు... ఆ పొగడ్తలన్నీ ఛాతీ విరుచుకుని తీసుకున్నాడు. ఇంటికి తెచ్చి భార్యకి చెప్పాడు. చెప్పినదే మళ్ళీ చెప్పాడు. ఆవిడ ప్రతిసారీ కొత్తగా విన్నట్టు విని, "మీ చెయ్యే చెయ్యి" అంది.

ఆవిడ. సుత్తి. పనివాళ్ళందరూ. గోడ మీద ఫోటో తీసేసిన చెయ్యే దొడ్డిదోవన వాణ్ణి లోపలికి తెచ్చింది. తను కడుపు నింపినవాళ్ళంతా కలిసి ఒక దెయ్యాన్ని తయారుచేసి, తన షెడ్డులో తనకే కాపలా పెట్టారు. పగబట్టినవాడు ఎదురుగా వచ్చి ఏదైనా అంటాడు. వీళ్ళు నవ్వుతూ అన్నం వడ్డించారు.

లోపల తమ్ముడు గొంతు మారింది. "వదినా! గాలి మారింది చూశావా?"

"అయితే?"

"టేపు ఇప్పుడు తీసెయ్యాలి. ఎడమ పక్క నేను కొట్టటం అయిపోయింది, అది అదనుకొచ్చింది. పొద్దుటిదాకా ఆగితే అంచంతా పెచ్చులు లేస్తుంది."

"తీస్తే ఆయన పొద్దున్నే వచ్చి అడుగుతారు, ఎవరు తీశారని."

"తియ్యకపోతే ప్లీడరమ్మ ముందు ఆయన చేతిలోనే ఊడొస్తుంది. గన్ను పట్టనని అందరి ముందూ అన్నాడంటివిగా? అన్నాడంటే పట్టడు. నీకు తెలుసు, నాకూ తెలుసు."

"దెయ్యం తీసిందని చెప్తే..."

"వదినా! దెయ్యం రంగేసిందంటే నమ్మాడు. టేపు కూడా తీసి, మడతపెట్టి పోయిందంటే నమ్ముతాడా?"

 గాలికి రేకు కొస ఒకటి టకటకమని కొట్టుకుంటోంది. ఇద్దరూ ఆ టేపు వంకే చూస్తూ నిలబడ్డారు, ఎవరో వచ్చి చెప్పాలన్నట్టు.

తలుపు మీద చెయ్యి పడింది. రెండుసార్లు.

లోపల దీపం ఊగింది. గన్ను దేనికో తగిలి కిందపడింది. చాలాసేపటికి గడియ తీసిన చప్పుడు.

మేస్త్రి లోపలికొచ్చాడు.

భార్య మొహం వంక చూడలేదు. తమ్ముడి మొహం వంక చూడలేదు. వాడు గోడకి అతుక్కుపోయి, "అన్నయ్యా..." అన్నాడు. ఆ మాట వినపడనట్టే పక్కనుంచి దాటిపోయాడు. సరాసరి కారు దగ్గరికెళ్ళి, టేపు పక్కన ఒక కాయితం మీద పడ్డ నీలాన్ని చూపుడువేలితో తాకాడు. అంటింది, కానీ వేలికి రాలేదు.

అదను.

ఎడమ పక్క, కారు వెనక లైటు దగ్గర టేపు కొస గోటితో లేపాడు. దాన్ని దాని మీదికే మడిచి, కిందికి వంచి లాగటం మొదలుపెట్టాడు. తొందరపడలేదు. ఆగలేదు. వెనక తలుపు... ముందు తలుపు... మడ్‌గార్డు... టేపు సన్నగా చీరినట్టు చప్పుడు చేస్తూ చేతికి చుట్టుకుంటోంది. కాయితాలు ఒక్కొక్కటీ జారి కింద పడుతున్నాయి.  కారు ముక్కు దాకా వచ్చి టేపు కొస ఊడబెరికేసరికి వెనకాల గీత మిగిలింది — క్రీము మీద నీలం, కత్తితో కోసినట్టు.

గోటితో రాశాడు. మెట్టు తగిలింది.

అప్పుడు తల తిప్పి వాళ్ళ వంక చూశాడు. చాలాకాలంగా దాచుకున్న కోపమంతా మొహంలోకి వచ్చింది. చూశారా, అన్నట్టు చూశాడు. ఇది ఎవరి చెయ్యి? చెప్పండి ఇప్పుడు.

"ఏదీ," అన్నాడు భార్యతో. "దీపం ఇటు పట్టు. నీలిమందన్నాడుగా వాడు... చూద్దాం."

"వద్దండీ," అంది ఆవిడ. "రేపు చూద్దాం. పొద్దున..."

"పట్టమన్నానా!"

ఆవిడ దీపం పట్టింది. ఆయన కారు ముందుకొచ్చి, ముక్కుకి ఎదురుగా నిలబడ్డాడు. అక్కణ్ణుంచి ముందు మడ్‌గార్డులు రెండూ కనిపిస్తాయి. ఎడమది తమ్ముడు మళ్ళీ కొట్టింది. కుడిది ఇంకా ఎవరూ ముట్టనిది. తను కొట్టింది కొట్టినట్టే ఉంది.

ఎడమది చూశాడు. కుడిది చూశాడు.

పంచె కొసతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "దగ్గరికి పట్టు." ఆవిడ దగ్గరికి పట్టింది. "ఇంకా దగ్గరికి." రంగుకి వేడి తగులుతుందేమోనన్నంత దగ్గరికి పట్టింది. ఆయన వంగి, ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్ళి, ఒక మడ్‌గార్డు నుంచి ఇంకో మడ్‌గార్డుకి నడిచాడు. వెనక్కి జరిగి దూరం నుంచి చూశాడు.

భార్య కూడా చూస్తోంది. ఆవిడ కళ్ళు ఒకదాని మీంచి రెండోదాని మీదికి పోతున్నాయి. ఒకే రకం వస్తువుల్ని చూసేటప్పుడు కళ్ళు అలా పోవు.

 షెడ్డు బయట నిలబడ్డప్పుడు కూడా మేస్త్రికి ఇంత భయం వెయ్యలేదు.

తమ్ముడు కిందపడ్డ గన్ను తీసి, ఏం చెయ్యాలో తెలియక రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు.

మేస్త్రి వాడి వైపు తిరిగాడు. ఇన్నేళ్ళకి మొదటిసారి.  పెదాలు కదిలాయి. పక్కనున్న ఆవిడకి కూడా వినపడనంత మెల్లగా అడిగాడు —

"ఒరేయ్... ఈ రెండింటికీ... తేడా ఏది?"